మూడు రోజుల తేడా: యూరప్ ప్రయాణాలపై మీ ప్రశ్నలు, జవాబులు

(జూన్ 2022 సంచిక. ఇందులోని కోవిడ్ టీకా, టెస్టు, మాస్కు నియమాలు, టీకా ధరలు అప్పటివి; ఇప్పుడు అమల్లో లేవు)

తిరుపతి బాలాజీ కాలనీలో టికెట్లు, వీసా కాగితాల దుకాణం పెట్టి నాకు ఇరవై రెండేళ్ళు. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అమ్మానాన్నలు. కూతురి కాన్పుకో, కొడుకు గృహప్రవేశానికో, మనవడి మొదటి పుట్టినరోజుకో బయలుదేరేవాళ్ళు. కోవిడ్ వల్ల రెండేళ్ళపాటు విమానాలు లేక పిల్లల ముఖాలు ఫోన్లోనే చూసుకున్నారు. మార్చి 27 నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు మళ్ళీ మొదలయ్యాక దుకాణం నిండిపోతోంది, ఈ శీర్షికకు ఉత్తరాలూ అలాగే వస్తున్నాయి. ఈ నెల వచ్చినవాటిలో యూరప్ గురించి అడిగినవన్నీ ఒకచోట చేర్చాను. ఒకరి జవాబు ఇంకొకరికి పనికొస్తుంది, దయచేసి అన్నీ చదవండి.

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. నాకు 58, మా ఆవిడకు 54. అమ్మాయి, అల్లుడు స్పెయిన్‌లో బార్సిలోనాలో ఉంటారు. జూలై నెలాఖరులో అమ్మాయికి కాన్పు. జూలై 2న దిగేలా చెన్నై నుంచి టికెట్లు తీసుకున్నాం. ఇద్దరం కొవిషీల్డ్ వేసుకున్నాం, రెండో డోసు 2021 అక్టోబరు 4న. రెండు డోసులూ అయ్యాయి కాబట్టి ఇంకేమీ అక్కర్లేదని టికెట్లు ఇచ్చినాయన అన్నాడు. అల్లుడేమో బూస్టర్ లేకపోతే కుదరదంటున్నాడు. ఇక్కడ ఆసుపత్రిలో అడిగితే మీకింకా తొమ్మిది నెలలు నిండలేదు, ఇప్పుడే వేయం అన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: అల్లుడి మాట వినండి సార్. ఆసుపత్రివాళ్ళు కూడా వాళ్ళకు తెలిసిన నియమం ప్రకారం తప్పు చెప్పలేదు. చిక్కంతా యూరప్ లెక్కకూ మన లెక్కకూ మధ్య ఉంది. మీ ఉత్తరం చదివి టీటీడీ క్యాలెండర్లు ముందు పెట్టుకుని లెక్క వేశాను. మీరూ ఒకసారి వేలు పెట్టి లెక్కపెట్టండి.

అక్టోబరు 4 తర్వాత ఆ నెలలో మిగిలినవి 27 రోజులు. నవంబరు 30తో కలిపి 57. డిసెంబరుతో 88. జనవరితో 119. ఫిబ్రవరి 28 కలిపితే 147. మార్చితో 178, ఏప్రిల్‌తో 208, మేతో 239, జూన్‌తో 269. జూలై 1వ తేదీకి 270 రోజులు నిండుతాయి. పెద్దవాళ్ళకు రెండు డోసుల సర్టిఫికెట్ 270 రోజుల వరకే చెల్లుతుందని యూరోపియన్ యూనియన్ ఈ ఏడాది ఫిబ్రవరి 1 నుంచి పెట్టింది, స్పెయిన్ కూడా అదే లెక్క పట్టుకుంది. మీరు దిగేది జూలై 2. అంటే 271వ రోజు.

ఇక మన లెక్క. బూస్టర్‌నే మనదేశంలో ప్రికాషన్ డోసు అంటారు. అది రెండో డోసు తర్వాత తొమ్మిది నెలలకు, అంటే 39 వారాలకు. ముప్పై తొమ్మిదిని ఏడుతో గుణిస్తే రెండు వందల డెబ్బై మూడు రోజులు. మీకు అది జూలై 4న వస్తుంది. వాళ్ళ గడువు 270 రోజులకు ముగుస్తుంటే మన గడువు 273 రోజులకు మొదలవుతోంది. ఈ మూడు రోజుల తేడా ఎంతమంది పెద్దవాళ్ళ ప్రయాణాన్ని ఇరకాటంలో పెట్టిందో నేను కళ్ళారా చూశాను. వాళ్ళు డోసులు ఎగ్గొట్టినవాళ్ళు కాదు. ఎండలో వార్డు సచివాలయం ముందు వరసలో నిలబడి, రెండు డోసుల మధ్య 84 రోజుల గ్యాప్ అంటే 84 రోజులూ ఆగి, చెప్పినది చెప్పినట్టు చేసినవాళ్ళు. అలాంటివాళ్ళని నీ కాగితం పాతబడిపోయిందంటే మనసుకు ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు.

మీకు దారి ఉంది. మే 12న కేంద్ర ఆరోగ్యశాఖ ఒక సడలింపు ఇచ్చింది. విదేశాలకు వెళ్ళేవాళ్ళు తొమ్మిది నెలలు నిండేదాకా ఆగక్కర్లేదు, వెళ్ళే దేశం నియమాన్ని బట్టి ప్రికాషన్ డోసు ముందే వేసుకోవచ్చు. మీరు అడిగిన ఆసుపత్రికి ఈ సంగతి అప్పటికి చేరి ఉండకపోవచ్చు. పాస్‌పోర్టు, వీసా, టికెట్ మూడింటి జిరాక్సులు పట్టుకుని మళ్ళీ వెళ్ళండి. మీ ఇద్దరికీ అరవై లోపే కాబట్టి డబ్బు కట్టి ప్రైవేటు ఆసుపత్రిలోనే వేసుకోవాలి. కొవిషీల్డ్ డోసు ధర 225 రూపాయలు, పైన సర్వీసు చార్జీ 150కి మించకూడదు. వెళ్ళేముందు ఫోన్ చేయండి. ఒక సీసా తెరిస్తే పది డోసులు వస్తాయి, పదిమంది కూడేదాకా కొన్నిచోట్ల కూర్చోబెడతారు, లేదంటే రేపు రమ్మంటారు. ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను: జూన్ 18 దాటనివ్వకండి. బూస్టర్ వేసుకున్నాక కూడా పద్నాలుగు రోజులు గడవాలని అడిగేచోట్లు ఉన్నాయి, 18న వేసుకుంటే జూలై 2కి సరిగ్గా సరిపోతుంది. ఆఖరి రోజు దాకా ఆగకుండా ఈ వారంలోనే వేసుకుంటే నాకు ఇంకా నిశ్చింత.

ఏ కారణం వల్లనైనా డోసు కుదరకపోతే దిగులు పడకండి. టీకా కాగితం లేనివాళ్ళని కూడా టెస్టు మీద రానివ్వడం మే మూడో వారం నుంచి స్పెయిన్ మొదలుపెట్టింది. ఆర్టీపీసీఆర్ అయితే బయలుదేరడానికి ముందు 72 గంటల లోపు, యాంటిజెన్ అయితే 24 గంటల లోపు చేయించినదై ఉండాలి. ఇక్కడ కూడా లెక్క జాగ్రత్త. గంటలు శాంపిల్ తీసిన సమయం నుంచి నడుస్తాయి, రిపోర్టు చేతికొచ్చిన సమయం నుంచి కాదు. ల్యాబ్ కాగితంలో రెండు సమయాలూ అచ్చు వేసి ఉంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. శాంపిల్ సమయం కింద పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోమని నేను అందరికీ చెబుతాను. మీరు చిత్తూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి వెళ్ళడానికి మూడున్నర గంటలు, విమానానికి ముందు నాలుగు గంటలు కౌంటర్ దగ్గర, ఇవన్నీ అందులోనుంచే పోతాయి. మూడు రోజుల ముందు టెస్టు చేయించాం కదా అనుకుంటే విమానం అరపూట ఆలస్యమైన రోజున గడువు దాటిపోతుంది. రెండు రోజుల ముందు ఉదయం శాంపిల్ ఇవ్వండి, చాలు.

డోసు కుదిరినా కుదరకపోయినా స్పెయిన్ వాళ్ళ ఆరోగ్య ఫారం ఒకటి ఆన్‌లైన్‌లో నింపాలి. నింపితే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. సీటు నంబరు కూడా అడుగుతారు కాబట్టి ఆ పని అల్లుడికి అప్పగించండి, అతను అక్కడినుంచే చేసి వాట్సాప్‌లో పంపుతాడు. మీరు ప్రింటు తీసి పెట్టుకోండి.

మీ అల్లుడు బార్సిలోనా నుంచి రోమ్, వియన్నా కూడా చూపిస్తానంటున్నాడని రాశారు. ఇప్పుడైతే ఆ రెండు చోట్లా దిగడానికి కాగితాల బెడద లేదు. ఆస్ట్రియా మే 16న ప్రవేశ నియమాలు ఎత్తేసింది, ఇటలీ జూన్ 1న ఎత్తేసింది. మాస్కులు మాత్రం మర్చిపోవద్దు. ఇటలీ రైళ్ళలో, వియన్నా మెట్రోలో ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు ఇంకా తప్పనిసరి. మనం పెట్టుకునే గుడ్డ మాస్కు, నీలం రంగు సర్జికల్ మాస్కు అక్కడ చెల్లవు. ఆ ముక్కు దగ్గర నిలువుగా మడత ఉండే తెల్ల మాస్కు మీద ఎఫ్ఎఫ్‌పీ2 అని అచ్చు ఉంటుంది, అక్కడి మందుల దుకాణాల్లో దొరుకుతుంది.

అమ్మాయికి సుఖప్రసవం కావాలని మా ఇంట్లో కూడా దండం పెట్టుకున్నాం.

ప్రశ్న: నేను శ్రీకాళహస్తి నుంచి రాస్తున్నాను. మా అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. టీకా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు మాత్రమే ఉన్నాయి. పుట్టిన తేదీ బదులు సంవత్సరం మాత్రమే ఉంది. ఇది చిన్న విషయమే కదా, ఎవరైనా పట్టించుకుంటారా?

జవాబు: పట్టించుకుంటారమ్మా. చాలా పట్టించుకుంటారు. ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు, ఎందుకంటే దీని మీద నేను ఒకసారి దెబ్బ తిన్నాను. నాకంటే ఎక్కువ దెబ్బ ఒక తల్లికి తగిలింది.

పోయిన డిసెంబరులో మా చుట్టుపక్కల పల్లె నుంచి ఒకామె వచ్చింది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, జర్మనీలో ఉద్యోగం, మూడేళ్ళుగా చూడలేదు. వీసా, ఇన్సూరెన్సు, టికెట్, అన్నీ నేనే చూశాను. సర్టిఫికెట్ చూశాను, రెండు డోసులూ ఉన్నాయి, తేదీలు సరిపోయాయి. పేరు మాత్రం సరిపోల్చలేదు. చెన్నైలో విమాన సంస్థ కౌంటర్ దగ్గర అమ్మాయి పాస్‌పోర్టు ఒక చేత్తో, సర్టిఫికెట్ ఒక చేత్తో పట్టుకుని ఈ ఇద్దరూ ఒకరే అని నాకెలా తెలుస్తుందని అడిగిందట. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, అసలు పేరు గివెన్ నేమ్ గడిలో. సర్టిఫికెట్‌లో ఒక పొడి అక్షరం, చుక్క, పేరు. పుట్టిన సంవత్సరం ఒక్కటే. పాస్‌పోర్టు నంబరు ఎక్కడా లేదు. ఆధార్ చూపిస్తే అది ఇక్కడ చెల్లదన్నారు. పై అధికారిని పిలిచేసరికి కౌంటర్ మూసేశారు. రాత్రి రెండున్నరకు ఆమె నాకు ఫోన్ చేసింది. సంచిలో గోంగూర పచ్చడి, చలిమిడి, కొడుక్కి అల్లించిన స్వెటర్ ఉన్నాయి, ఏం చేయమంటావు నాయనా అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. తర్వాత కాగితాలు సరిచేసి ఆమెను పంపించాను, కొడుకు దగ్గర రెండు నెలలు ఉండి వచ్చింది. కానీ ఆ రాత్రిని ఎవరు తిరిగి ఇస్తారు?

ఇందులో మన పేర్ల సంగతి ఒకటి ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని పొడి అక్షరంగా రాయడం అలవాటు. రేషన్ కార్డు నుంచి ఆధార్ దాకా అలాగే ఎక్కింది. ఆధార్‌లో ఉన్నదే సచివాలయంలో టీకా వేసిన రోజు ఫోన్‌లో ఎక్కించారు. మునెమ్మ అనే ఒకావిడ ఉందనుకోండి, ఆధార్‌లో జి. మునెమ్మ, పాస్‌పోర్టులో ముందు మునెమ్మ, తర్వాత గొల్లపల్లి. పెళ్ళి ముందు పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. మన ఊళ్ళో ఎవరికీ అనుమానం రాదు. చెన్నైలో, బెంగళూరులో కౌంటర్ దగ్గర కూర్చున్న పిల్లలకు మన ఇంటిపేర్ల పద్ధతి తెలియాల్సిన పని లేదు. తప్పు కాగితంతో మనిషిని ఎక్కిస్తే వెనక్కి తెచ్చే ఖర్చు సంస్థ మీద పడుతుంది, అందుకే వాళ్ళు అక్షరం అక్షరం చూస్తారు.

మీరు చేయాల్సింది ఇది. కోవిన్ సైట్‌లో అమ్మ ఫోన్ నంబరుతో లాగిన్ అయితే రెయిజ్ యాన్ ఇష్యూ అని ఒక చోటు ఉంటుంది. అందులో పేరు సరిచేసుకునే వీలుంది, పాస్‌పోర్టు నంబరు చేర్చే వీలూ ఉంది. రెండూ చేయండి. పేరు పాస్‌పోర్టులో ఏ వరుసలో ఉందో అదే వరుసలో, అవే అక్షరాలతో టైపు చేయాలి. దిద్దుబాటు మళ్ళీ మళ్ళీ చేయనివ్వదు, కాబట్టి ఇంకొకరు పక్కన కూర్చుని పాస్‌పోర్టు చూస్తూ ఒక్కొక్క అక్షరం చదవాలి, మీరు కొట్టాలి. విదేశాలకు వెళ్ళేవాళ్ళకు పుట్టిన తేదీ పూర్తిగా వచ్చే సదుపాయం 2021 సెప్టెంబరు చివరలో వచ్చింది, అదీ చేయించండి. చేశాక కొత్త సర్టిఫికెట్ మళ్ళీ డౌన్‌లోడ్ చేయాలి. పాతదానికే లామినేషన్ చేయించి ఫైల్లో పెట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. దాన్ని తీసి పక్కన పెట్టండి, రెండూ కలిసి ఉంటే అదొక గందరగోళం.

ఇప్పుడు నా దుకాణంలో ఫైలు తీసుకున్న మొదటి నిమిషంలోనే పాస్‌పోర్టు, సర్టిఫికెట్, టికెట్ మూడూ బల్ల మీద పక్కపక్కన పరుస్తాను. వీసా మాట ఆ తర్వాతే.

ప్రశ్న: పలమనేరులో టీచరుగా పనిచేస్తున్నాను. నేను వేసుకున్నది కొవాగ్జిన్. పారిస్, మ్యూనిక్ చూడాలని నా చిరకాల కోరిక. హైదరాబాద్‌లో తయారైన మన టీకా వేసుకోవడం నాకు గర్వంగా ఉంది, కానీ అందువల్లే ప్రయాణం ఆగిపోతుందంటే బాధగా ఉంది.

జవాబు: టీచర్ గారూ, మీ గర్వం న్యాయమైనది, బాధ కూడా న్యాయమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవాగ్జిన్‌ను 2021 నవంబరు 3న తన జాబితాలో చేర్చింది. అయితే యూరప్‌లో మందులకు అనుమతి ఇచ్చే సంస్థ వేరు, దాని జాబితాలో కొవాగ్జిన్ లేదు. ఆ మాటకొస్తే పుణెలో తయారయ్యే కొవిషీల్డ్ కూడా అందులో లేదు, కానీ అది ఆస్ట్రాజెనెకా టీకాయే కాబట్టి 2021 జూలై నుంచి చాలా దేశాలు ఒక్కొక్కటిగా ఒప్పుకుంటూ వచ్చాయి. కొవాగ్జిన్‌కు ఆ దారి మెల్లగా తెరుచుకుంటోంది.

మీరు అడిగిన రెండు దేశాలూ రెండు రకాలుగా ఉన్నాయి. మ్యూనిక్ విషయంలో మీకు మంచి కబురు: జర్మనీ జూన్ 1 నుంచి కొవాగ్జిన్‌ను గుర్తిస్తోంది. ఫ్రాన్స్ మాత్రం యూరప్ జాబితాలో లేని టీకా వేసుకున్నవాళ్ళు దాని పైన ఒక ఎం-ఆర్ఎన్ఏ డోసు, అంటే ఫైజర్‌దో మొడెర్నాదో, వేసుకుని ఉండాలంటోంది. అవి మనకు ఇక్కడ దొరకవు. ప్రికాషన్ డోసు కూడా మొదట వేసుకున్న టీకానే వేస్తారు కాబట్టి కొవిషీల్డ్‌కు మారే వీలూ లేదు. కాబట్టి ఫ్రాన్స్ లెక్కలో మీరు టీకా లేనివారి కింద వస్తారు, టెస్టు చూపించాలి. ఏ దేశం నుంచి వచ్చేవాళ్ళు ఏం చూపించాలో ఫ్రాన్స్ ఆకుపచ్చ, నారింజ రంగుల జాబితాలతో చెబుతుంది. అవి మారుతూ ఉంటాయి, కాబట్టి టికెట్ కొనే రోజున, బయలుదేరే వారంలో రెండుసార్లు వాళ్ళ రాయబార కార్యాలయం పేజీ చూడండి.

నా సలహా అడిగితే, ముందు మ్యూనిక్‌లో దిగండి. పారిస్ రెండో మజిలీగా పెట్టుకోండి. నియమాలు ఇప్పుడు వారం వారం సడలుతున్నాయి, మీరు సెలవు పెట్టుకుని వెళ్ళేనాటికి ఫ్రాన్స్ కూడా మెత్తబడుతుందనే నా ఆశ. పారిస్‌కు వెళ్ళే విమానం టికెట్ మాత్రం తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి, రెండు వేలు ఎక్కువైనా సరే.

ప్రశ్న: పాపకు 13 ఏళ్ళు, కార్బెవ్యాక్స్ వేయించాం. బాబుకు 9, వాడికి టీకా లేదు. రోమ్, బార్సిలోనా వెళ్ళాలనుకుంటున్నాం. (తిరుపతి కొర్లగుంట నుంచి ఒక తల్లి)

జవాబు: రోమ్‌కు ఇద్దరికీ ఏమీ అక్కర్లేదు. బార్సిలోనాకు బాబుకు అక్కర్లేదు, పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని స్పెయిన్ వదిలేసింది. పాపకు మాత్రం టెస్టు చేయించండి. కార్బెవ్యాక్స్ మనదేశంలో 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు మార్చి 16 నుంచే వేస్తున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోకి అది ఈ 2022 జూన్ నాటికి ఎక్కలేదు. పాపకు టీకా వేయించడం మంచి పని, ఆ సర్టిఫికెట్ కౌంటర్ దగ్గర మాత్రం సాయపడదు. ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి పిల్లలు భయపడతారు. శాంపిల్ తీసేచోటికి ముందురోజే తీసుకెళ్ళి చూపించండి, మర్నాడు ఏడుపు సగం తగ్గుతుంది. మా మనవరాలికి అలాగే చేశాం.

ప్రశ్న: అక్కడ హోటళ్ళలో, మ్యూజియంలలో కూడా సర్టిఫికెట్ అడుగుతారా? ఫోన్‌లో ఉంటే చాలా, కాగితం కావాలా? (చంద్రగిరి నుంచి)

జవాబు: ఇప్పుడు చాలాచోట్ల అడగడం లేదు. పోయిన ఏడాది ఇటలీలో ఆగస్టు 6 నుంచి, ఫ్రాన్స్‌లో ఆగస్టు 9 నుంచి హోటల్లో లోపల కూర్చుని కాఫీ తాగాలన్నా పాస్ చూపించాల్సి వచ్చేది. ఫ్రాన్స్ ఈ మార్చి 14న, ఇటలీ మే 1న దాన్ని పక్కన పెట్టాయి.

నేనూ మా ఆవిడా మార్చి నెలాఖరులో వియన్నాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. అప్పటికి ఆ ఊళ్ళో హోటళ్ళకు ఇంకా నియమం ఉంది. ఒక సాయంత్రం చలికి వణుకుతూ కాఫీ హోటల్‌కు వెళితే గుమ్మం దగ్గరే సర్వర్ కుర్రాడు ఫోన్ తీసి మా సర్టిఫికెట్ మీద పెట్టాడు. మన కోవిన్ క్యూఆర్ వాళ్ళ యాప్‌కు అర్థం కాలేదు, తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది. మా ఆవిడకు గుండె గుభేలుమంది, మనల్ని బయటికి పంపేస్తారేమో అని నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు నేను సంచిలోంచి రంగుల ప్రింటు తీసి ఇచ్చాను. అతను చదివాడు. టీకా పేరు మీద వేలు పెట్టాడు, ఆస్ట్రాజెనెకానా అని అడిగాడు, అవునన్నాను. మూడు తేదీలు చూశాడు. తర్వాత పాస్‌పోర్టు అడిగి పేరు, నంబరు సరిపోల్చాడు. నవ్వి కిటికీ పక్క బల్ల చూపించాడు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల్లో నన్ను కాపాడింది పాస్‌పోర్టు నంబరు అచ్చయి ఉన్న ఆ కాగితం.

అలిపిరి చెకింగ్ గుర్తుంది కదా, పోయిన సెప్టెంబరులో టీటీడీ రెండు డోసుల సర్టిఫికెట్ గానీ మూడు రోజుల లోపు నెగటివ్ రిపోర్టు గానీ ఉండాలన్నప్పుడు ఫోన్ చార్జింగ్ అయిపోయి దర్శనం టికెట్ చేతిలో పెట్టుకుని దిగాలుగా నిలబడినవాళ్ళని చూశాం. పరాయి దేశంలో అలాంటి పరిస్థితి వద్దు. ఫోన్‌లో ఒకటి, కాగితం మీద రెండు, పిల్లల మెయిల్‌లో ఒకటి. కాగితాల్లో ఒకటి చేతిసంచిలో, ఒకటి పెట్టెలో.

ప్రశ్న: తిరిగి వచ్చేటప్పుడు టెస్టు చేయించాలా? అక్కడ పాజిటివ్ వస్తే మా గతేమిటి? చాలా టెన్షన్‌గా ఉంది. (చిత్తూరు నుంచి ఒక పెద్దాయన)

జవాబు: మనదేశానికి తిరిగి రావడానికి ఎయిర్ సువిధ అనే సైట్‌లో స్వీయ ధ్రువీకరణ నింపాలి. టీకా పూర్తయిందని సర్టిఫికెట్ ఎక్కిస్తే ఫిబ్రవరి 14 నుంచి టెస్టు అడగడం లేదు. టీకా లేనివాళ్ళు 72 గంటల లోపు ఆర్టీపీసీఆర్ ఎక్కించాలి. అక్కడి కౌంటర్‌లో ఈ ఫారం చూపించకపోతే బోర్డింగ్ పాస్ ఇవ్వరు, కాబట్టి బయలుదేరే ముందురోజు రాత్రి కూర్చుని నింపేయండి. గత 14 రోజుల్లో ఏయే దేశాల్లో ఉన్నారో అడుగుతుంది. నాలుగు దేశాలు తిరిగినవాళ్ళు ఊళ్ళ పేర్లు, తేదీలు ఒక కాగితం మీద ముందే రాసుకోవాలి. మన విమానాశ్రయంలో దిగాక నూటికి ఇద్దరిని ఆపి శాంపిల్ తీస్తారు. మిమ్మల్ని ఆపితే కంగారు పడకండి, శాంపిల్ ఇచ్చి ఇంటికి వచ్చేయవచ్చు.

పాజిటివ్ గురించి, సార్, మీ భయం నాకు అర్థమైంది. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటారు. చాలామంది వీసా కోసం తక్కువలో ఉన్నది తీసుకుని కాగితం తెరిచి కూడా చూడరు. మీరు చూడండి. మూడు విషయాలు వెతకండి: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరితే ఇస్తారా, ఆసుపత్రి అక్కర్లేక గదిలో ఉండాల్సి వస్తే ఆ గది ఖర్చు ఇస్తారా, ప్రయాణం తేదీ మారితే టికెట్ తేడా ఇస్తారా. మొదటిది చాలావాటిలో ఉంటుంది, రెండోది కొన్నిట్లోనే ఉంటుంది. లేకపోతే కొనకముందే ఏజెంటును నిలదీసి వేరే పాలసీ అడగండి. బీపీ, షుగరు మాత్రలు వెళ్ళే రోజులకు కాకుండా ఇంకో పదిహేను రోజులకు సరిపడా పట్టుకెళ్ళండి, డాక్టరు చీటీ ఇంగ్లిష్‌లో, మందు అసలు పేరుతో రాయించుకోండి. అక్కడ చీటీ లేకుండా ఇవ్వరు.

పిల్లల ఇంట్లో దిగేవాళ్ళకు ఇంకో మాట. వాళ్ళ ఇంట్లో విడిగా ఒక గది ఉందో లేదో ముందే అడగండి. మొహమాటపడకండి. ఒకే గది ఉన్న ఇల్లయితే, అవసరమొచ్చినప్పుడు దగ్గర్లో ఏ హోటల్ ఉందో అబ్బాయి చేత ఇప్పుడే కనుక్కోమనండి.

మీ వయసు, రెండో డోసు తేదీ రాయలేదు. పాస్‌పోర్టు జిరాక్సు, సర్టిఫికెట్ జిరాక్సు పత్రిక చిరునామాకు పంపండి. లెక్క వేసి, ప్రికాషన్ డోసు ఏ తేదీలోపు వేసుకోవాలో పోస్టుకార్డు రాస్తాను. వచ్చే సంచిక దాకా ఆగనక్కర్లేదు.